తిరుపతి ప్రాంతపు నివాస పట్టణాలు

ఉద్యోగం ఒక ఊరిలో, కాపురం దానికి అందుబాటులో ఉన్న మరొక ఊరిలో పెట్టుకొని ప్రతిదినం వెళ్ళివచ్చేవారు ఎక్కువగా ఉండే పట్టణాన్ని నివాస పట్టణం అంటారు. తిరుపతి పరిసరాలలో ఇటువంటి ఊళ్ళు రెండు విధాలుగా ఏర్పడినాయి. తిరుమల కొండపైన పనిచేస్తూ కొండకింద ఉండేవారి ఊళ్ళు మొదటి విధం. చెన్నైలో ఉద్యోగం చేస్తూ రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, అరక్కోణం రైలు మార్గంలో ఉండేవారి ఊళ్ళు రెండవ విధం. ఇవి కాక సూళ్ళూరుపేట, కుప్పం వంటి పట్టణాలు వేరే ఉద్యోగ కేంద్రాలకు నివాస పట్టణాలుగా ఉన్నాయి.

రోజూ వెళ్ళివచ్చే ప్రయాణాన్ని ఈ ప్రాంతంలో "అప్ అండ్ డౌన్" అని వాడుకగా చెబుతారు. "ఆయన రేణిగుంట నుండి అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు" అంటే అక్కడే కాపురం ఉండి రోజూ పనికి వచ్చిపోతున్నాడని అర్థం. తిరుమల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఆంగ్లంలో ఇటువంటి ప్రయాణికులను కమ్యూటర్లు అంటారు. 19వ శతాబ్దంలో అమెరికా రైల్వేలు నిత్య ప్రయాణికులకు తగ్గించిన ధరకు "కమ్యూటేషన్ టికెట్" ఇచ్చేవి. ఆ టికెట్టు పేరే దానిని కొన్న మనిషికి పేరైంది. భారతీయ రైల్వేలలో దానికి సమానమైనది సీజన్ టికెట్.

ఇల్లు ఎక్కడ చూచుకోవాలన్న ప్రశ్నకు సాధారణంగా కిలోమీటర్లలో సమాధానం వెదకుతారు. ఈ ప్రాంతపు అనుభవం మాత్రం దూరం కంటే వేళ ముఖ్యమని చూపుతుంది. పని ముగిసిన తరువాత ఇంటికి చేర్చే బస్సు లేదా రైలు ఆ వేళకు ఉన్నదా లేదా అన్నదే ఒక ఊరు నివాసానికి పనికివచ్చేదీ లేనిదీ తేలుస్తుంది.

పని కొండపైన, ఇల్లు కొండకింద

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి స్థిర జనాభా ఎనిమిది వేలకు లోపే. కాని సాధారణ దినాలలోనే అరవై వేలకు పైగా యాత్రికులు దర్శనానికి వస్తారు. అంటే పల్లెకు సరిపోయే జనాభా ఉన్న ఊరు రోజూ ఒక నగరానికి కావలసిన నీరు, అన్నం, పారిశుధ్యం, వైద్యం, వసతి, భద్రత సమకూర్చవలసి ఉంటుంది. లడ్డూలు తయారుచేసే పోటు, కల్యాణకట్ట, క్యూ కాంప్లెక్సులు, అతిథిగృహాలు, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం, అశ్విని ఆసుపత్రి, పోలీసు, విద్యుత్తు, నీటి సరఫరా మొదలైన విభాగాలలో పనిచేసేవారిలో అధిక భాగం రోజూ కింది నుండి పైకి వెళ్ళేవారే.

తిరుపతి పట్టణం పుట్టుకలోనే ఈ ఏర్పాటు కనిపిస్తుంది. సంప్రదాయం ప్రకారం 12వ శతాబ్దంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామి ఆలయాన్ని ప్రతిష్ఠించగా దాని చుట్టూ వీథులు ఏర్పడినాయి. అడవి, జ్వరాలు, నీటి కొరత కారణంగా కొండపైన స్థిరనివాసం కష్టమైన కాలంలో, ఆలయంతో సంబంధం ఉన్న కుటుంబాలు పెక్కు కిందనే ఉండేవి. దిగువ తిరుపతి, ఎగువ తిరుపతి అన్న పాత పేర్లు ఈ రెండు ఊళ్ళ సంబంధాన్ని తెలుపుతాయి.

1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యేవరకు కొండకు నడిచి గాని డోలీలో గాని వెళ్ళవలసిందే. అలిపిరి మెట్ల దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు ఉన్నాయి. ఈ మెట్లెక్కి వెళ్ళి పనిచేసి అదే రోజు దిగిరావడం అరుదైన విషయం. కనుక ఘాట్ రోడ్డుకు ముందు కాలంలో పైన పనిచేసేవారు పైనే కొన్ని దినాలు ఉండి వంతులవారీగా దిగివచ్చేవారు. రోజువారీ ప్రయాణం సాధ్యమైనది ఈ రోడ్డుతోనే. దీని నిర్మాణంలో ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ఉన్నది. 1970లలో రెండవ ఘాట్ రోడ్డు ఏర్పడిన తరువాత పైకి వెళ్ళే వాహనాలకు రెండవదానిని, దిగే వాహనాలకు మొదటిదానిని కేటాయించినారు. తొలుత దేవస్థానమే బస్సులు నడిపేది. 1970లలో ఆ బాధ్యత రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మారింది. 2022 నుండి ఘాట్ రోడ్డుపై విద్యుత్ బస్సులు కూడా నడుస్తున్నాయి.

కొండపైన ఇల్లు కొనే అవకాశం లేదు. భూమి దేవస్థానానిది. ఒకప్పుడు ఆలయ మాడవీథుల చుట్టూ స్థానికుల ఇళ్ళు, అంగళ్ళు, మఠాలు దగ్గరదగ్గరగా ఉండేవి. యాత్రికుల రద్దీ పెరిగిన కొద్దీ మాస్టర్ ప్లాన్ పేరిట వాటిని దశలవారీగా తొలగించినారు. స్థానికులలో కొందరికి తిరుమలలోనే బాలాజీనగర్‌లో చోటు లభించింది, పలువురు కిందికి దిగినారు. తరతరాలుగా ఆలయ నీడలో బ్రదికిన కుటుంబాలు తమ ఊరికి తామే నిత్య ప్రయాణికులైనాయి. మాడవీథులు విశాలం కావడం వలన యాత్రికులకు కలిగిన సౌకర్యం ప్రత్యక్షంగా కనిపిస్తున్నదే. ఆ సౌకర్యానికి వెల చెల్లించినవారి సంగతి మాత్రం స్థల చరిత్రలలో ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు.

ఘాట్ రోడ్డు వేళలు

తిరుపతి బస్ స్టేషను నుండి తిరుమలకు దూరం సుమారు 20 కిలోమీటర్లు. మైదానంలో అయితే ఇది అరగంట ప్రయాణం. ఘాట్ రోడ్డుపై వేగాన్ని అరికట్టడానికి కనీస కాలం నియమం ఉన్నది. ఎక్కేటప్పుడు 28 నిమిషాలు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే తక్కువ కాలంలో వాహనం దాటరాదు. అందుచేత సొంత వాహనం ఉన్నవారికి కూడా ప్రయాణం ఇంతకంటే తగ్గదు. అలిపిరి వద్ద తనిఖీ, రద్దీ దినాలలో వాహనాల బారు దీనికి అదనం.

సాధారణ దినాలలో అర్ధరాత్రి నుండి తెల్లవారుజామున సుమారు 3 గంటల వరకు ఘాట్ రోడ్లు మూసి ఉంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వంటి సందర్భాలలో సడలింపు ఉంటుంది. ఆలయంలో సుప్రభాత సేవ తెల్లవారుజామున మొదలవుతుంది, ఏకాంత సేవ రాత్రి బాగా పొద్దుపోయాక ముగుస్తుంది. రోడ్డు మూసి ఉన్న వేళకు ఇటు అటు రెండు పనులు పడినందున, వేకువ డ్యూటీ ఉన్నవారు ముందురాత్రే పైకి చేరవలసి వస్తుంది. రాత్రి డ్యూటీ ఆలస్యంగా ముగిసినవారు తెల్లవారేవరకు పైనే ఆగవలసి వస్తుంది. ఎనిమిది గంటల పనికి ఇంటినుండి పదమూడు, పద్నాలుగు గంటలు దూరమయ్యే పరిస్థితి ఇక్కడ ఏర్పడుతుంది.

వర్షాకాలంలో ఈశాన్య ఋతుపవనాల ధాటికి కొండచరియలు విరిగిపడుతుంటాయి. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు మెట్ల దారులు, రోడ్లు దెబ్బతిన్నాయి. డిసెంబరు 1న రెండవ ఘాట్ రోడ్డుపై పెద్ద బండరాళ్ళు పడి రోడ్డు ధ్వంసమైనది. మరమ్మతులయ్యేవరకు ఉన్న దారిలోనే రాకపోకలను సర్దవలసి వచ్చింది. శ్రీవారి మెట్టు దారి 2022 మే వరకు తెరవలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక బాలిక చిరుతపులి దాడిలో మరణించిన తరువాత నడకదారులలో వేళలపైన, ఘాట్ రోడ్లపై ద్విచక్రవాహనాల రాకపోకలపైన ఆంక్షలు విధించినారు. యాత్రికునికి ఇది ఒకనాటి అసౌకర్యం. బండిమీద సాయంకాలపు డ్యూటీకి వెళ్ళే ఉద్యోగికి ఇంటి వేళలన్నీ మారిపోయినట్లే.

ఈ కారణాల వలన కొండ ఉద్యోగులు ఇల్లు చూచుకొనేటప్పుడు తిరుమలకు ఎంత దూరమని కాక, అలిపిరికి ఎంత దూరమని లెక్కించడం పరిపాటి. అలిపిరి దాటిన తరువాత అందరికీ కాలం ఒక్కటే.

తిరుపతి చుట్టూ ఉన్న ఊళ్ళు

నగరానికి ఉత్తరాన కొండ అడుగున ఉన్న జీవకోన, అక్కారంపల్లె, కొర్లగుంట మొదలైన పేటలు అలిపిరికి దగ్గర. అద్దె ఇళ్ళకు గిరాకీ కూడా ఇక్కడ ఎక్కువే. దేవస్థానం వినాయకనగర్ మొదలైన చోట్ల తన ఉద్యోగులకు నివాస గృహాలు నిర్మించింది. అవి చాలినన్ని లేనందున, కాంట్రాక్టు కార్మికులకు అటువంటి వసతి సులభంగా దొరకనందున, తక్కువ జీతం ఉన్నవారే ఎక్కువ దూరం పోవలసి రావడం ఇక్కడ సహజమైంది. ఇది తిరుపతికే ప్రత్యేకం కాదు. ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటా రాత్రి చివరి బండికి పరుగెత్తేవారిలో పారిశుధ్య కార్మికులు, ఆసుపత్రి సిబ్బంది ఎక్కువగా ఉంటారు.

తూర్పున కరకంబాడి మార్గంలో మంగళం, కరకంబాడి, ఆ తరువాత సుమారు 10 కి.మీ. దూరంలో రేణిగుంట ఉన్నాయి. కరకంబాడిలో 1980లలో మొదలైన అమరరాజా సంస్థ బ్యాటరీ కర్మాగారం, రేణిగుంట వద్ద విమానాశ్రయం, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, 2015లో స్థాపించిన ఐఐటి, ఐసర్ విద్యాసంస్థలు ఈ మార్గాన్ని ఉద్యోగ మార్గంగా మార్చినాయి. ఇంట్లో ఒకరికి కొండపైన, మరొకరికి రేణిగుంట వైపు ఉద్యోగం ఉన్న కుటుంబాలకు మంగళం ప్రాంతం మధ్యేమార్గం. రేణిగుంట రైల్వే జంక్షను. తిరుపతి స్టేషనుకు రాని రైళ్ళు కూడా ఇక్కడ ఆగుతాయి గనుక చెన్నై, గూడూరు, కడప వైపులకు వెళ్ళేవారికి తిరుపతి నగరం కంటే ఇదే అనుకూలం.

పడమట చంద్రగిరి సుమారు 12 కి.మీ. దూరంలో ఉన్నది. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటైన ఈ ఊరిలో నేడు కోట చూడవచ్చే సందర్శకుల కంటే తిరుపతికి ఉద్యోగాలకు పోయేవారి రద్దీ ఎక్కువ. దారిలో ఉన్న శ్రీనివాసమంగాపురం శ్రీవారి మెట్టుకు దగ్గర. అయితే వాహనంలో కొండకు పోయేవారు తిరిగి అలిపిరికే రావాలి గనుక పటంలో కనిపించే ఈ సామీప్యం నడిచి ఎక్కేవారికి తప్ప ఉపయోగపడదు. ఇల్లు కొనేవారు పటం చూసి పొరపడే చోట్లలో ఇది ఒకటి.

దక్షిణాన తిరుచానూరు సుమారు 5 కి.మీ. దూరంలో, నగరంలో దాదాపు కలిసిపోయి ఉన్నది. నగరం దాటి కొండకు చేరడమే అటువైపు వారి చిరకాల కష్టం. బస్ స్టేషను, రైల్వే స్టేషను పరిసరాలలో యాత్రికుల వాహనాల మధ్య స్థానికుల ప్రయాణం గంటల తరబడి సాగేది. 2023 సెప్టెంబరులో పూర్తిగా ప్రారంభమైన శ్రీనివాస సేతు అనే పైవంతెన మార్గం వలన కపిలతీర్థం వైపు చేరడం సులభమైనది.

వడమాలపేట తిరుపతి నుండి పుత్తూరు వెళ్ళే దారిలో ఉన్నది. ఈ మండలంలోని పాదిరేడు అరణ్యం వద్ద దేవస్థానం ఉద్యోగులకు ఇంటిస్థలాలు ఇచ్చే ఏర్పాటు 2023లో జరిగింది. దశాబ్దాలుగా ఉద్యోగులు కోరుతున్నది ఇంటిస్థలమే. స్థలం దొరికినది అలిపిరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. అక్కడ ఇళ్ళు కట్టుకొని కొండకు డ్యూటీకి వెళ్ళాలంటే ముందు తిరుపతి, అక్కడినుండి అలిపిరి, ఆపైన ఘాట్ రోడ్డు అనే మూడు ప్రయాణాలు చేయాలి. ఉద్యోగ విరమణకు దగ్గరగా ఉన్నవారికి ఇది అంత ఇబ్బంది కాదు. ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి స్థలం ఒకచోట, అద్దె ఇల్లు మరొకచోట తప్పకపోవచ్చు.

చెన్నై రైలు మార్గం

మద్రాసు రైల్వే 1856లో రాయపురం నుండి ఆర్కాటు వైపు (నేటి వాలాజా రోడ్డు వరకు) దక్షిణ భారతంలోని మొదటి రైలు మార్గాన్ని ప్రారంభించింది. దానినుండి అరక్కోణం వద్ద చీలి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా పోయే మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. నేడు చెన్నైకి నిత్య ప్రయాణికులను చేరవేస్తున్నది ఈ మార్గపు తొలి భాగమే. చెన్నై సెంట్రల్ నుండి రైలు దూరం అరక్కోణానికి సుమారు 70, తిరుత్తణికి సుమారు 80, పుత్తూరుకు సుమారు 110, రేణిగుంటకు సుమారు 135, తిరుపతికి సుమారు 147 కిలోమీటర్లు.

సీజన్ టికెట్టు గరిష్ఠంగా 150 కి.మీ. వరకే ఇస్తారు. తిరుపతి ఆ హద్దుకు కొద్దిగా లోపల పడినందున తిరుపతి–చెన్నై మధ్య నెలసరి సీజన్ టికెట్ సాధ్యమైనది. మూడు నెలల టికెట్టుకు నెలసరి ధరకు 2.7 రెట్లు చెల్లిస్తే చాలు. అయితే సీజన్ టికెట్టుతో సాధారణంగా రిజర్వేషన్ పెట్టెలలో ఎక్కరాదు. యాత్రికులతో నిండిన సాధారణ పెట్టెలో మూడు గంటలు నిలబడి ప్రయాణించడం టికెట్టు ధరలో కనిపించని ఖర్చు.

ఈ మార్గంలో అంతకంటే పెద్ద చిక్కు రైళ్ళు నడిచే దిశ. తిరుపతి–చెన్నై రైళ్ళ వేళలు చాలావరకు చెన్నై యాత్రికులను దృష్టిలో ఉంచుకొని ఏర్పరచినవి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉదయం చెన్నైలో బయలుదేరి సాయంకాలం తిరుపతి నుండి తిరిగిపోతుంది. దర్శనానికి వచ్చి అదే రాత్రి ఇల్లు చేరేవారికి అది చక్కని బండి, చెన్నైలో ఉద్యోగం చేసేవారికి నిరుపయోగం. తిరుపతిలో ఉదయం బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ వారికి అనువైనది. కాని అది చెన్నై నుండి తిరుగుముఖం పట్టే వేళ చాలా కార్యాలయాల విడుపు వేళకు ముందే. ఆ బండి తప్పితే మిగిలిన రైళ్ళలో గాని బస్సులో గాని ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి సమీపిస్తుంది. రైల్వే టైంటేబుల్ మార్పులకు లోబడి ఉంటుంది గనుక, ఒక బండిని నమ్ముకొని ఇల్లు కొన్నవారు పదిహేను నిమిషాల మార్పుకు కూడా కలవరపడటం సహజం.

కాలం లెక్క వేస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. పోనూరానూ రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు 25 పనిదినాలకు 150 గంటలు ప్రయాణానికి పోతాయి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇది దాదాపు 19 దినాల పనికాలం. మనుషులు ఏ దేశంలోనైనా రాకపోకలకు రోజుకు సగటున ఒక గంట వరకు వెచ్చించడానికి ఇష్టపడతారని ఇటలీకి చెందిన శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ప్రతిపాదించినారు. తిరుపతి నుండి చెన్నైకి రోజూ పోయేవారు దానికి ఆరు రెట్లు చెల్లిస్తున్నారు. అందువలన వారిలో పలువురు కొంతకాలానికి వారాంతపు ప్రయాణికులుగా మారతారు. సోమవారం వేకువన బయలుదేరి శుక్ర, శనివారాలలో తిరిగివస్తారు.

నిత్య ప్రయాణానికి నిజంగా అనువైనవి అరక్కోణం, తిరుత్తణి. చెన్నై సబర్బన్ విద్యుత్ రైళ్ళు అరక్కోణం వరకు, కొన్ని తిరుత్తణి వరకు నడుస్తాయి. ఒక బండి తప్పితే మరొక బండి ఉంటుంది. చెన్నైలో ఉద్యోగం ఏ మూల ఉన్నదన్నది కూడా ఇక్కడ ముఖ్యం. అంబత్తూరు, ఆవడి ఈ మార్గంలోనే, చెన్నైకి పడమటి అంచున ఉన్నాయి. అంబత్తూరు పారిశ్రామిక వాడలో పనిచేసేవారికి అరక్కోణం, తిరుత్తణి అందుబాటులో ఉన్నట్లే. నగరానికి దక్షిణాన పాత మహాబలిపురం రోడ్డులోని సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసేవారు సెంట్రల్ చేరిన తరువాత ఇంకా గంటకు పైగా ప్రయాణించాలి. "చెన్నై ఉద్యోగం" అన్న ఒక్క మాట ఈ తేడాను కప్పిపుచ్చుతుంది.

సరిహద్దు, బడి

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఆధారంగా చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రాగా తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. నగరి నుండి తిరుత్తణికి దూరం చాలా స్వల్పం. రెండు వైపులా తెలుగు, తమిళం మాట్లాడేవారు కలిసే ఉంటారు, పెళ్ళి సంబంధాలు కలుపుకొంటారు. ప్రయాణికునికి రైలులో ఈ హద్దు తెలియదు. ఇల్లు మార్చేవారికి మాత్రం పిల్లల చదువు దగ్గర తెలుస్తుంది.

తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టం ప్రకారం ఆ రాష్ట్రపు పాఠశాలలలో 2006–07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున, తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2016 నాటికి అది పదవ తరగతికి చేరింది. తెలుగు మొదలైన అల్పసంఖ్యాక భాషలవారు దీనిపై అభ్యంతరాలు తెలిపి న్యాయస్థానాలకు వెళ్ళినారు. ఆరవ, ఏడవ తరగతి వరకు తెలుగు బడిలో చదివిన పిల్లవానిని తండ్రి ప్రయాణ సౌకర్యం కోసం తిరుత్తణికి మార్చితే, ఆ వయసులో వాడు తమిళ అక్షరాలు మొదలుపెట్టాలి.

రెండవ సంగతి స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా ప్రవేశాలలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు చెందుతాయి. రాయలసీమ, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంగా ఉన్నాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా గుర్తించడం ఇందులోని ప్రధాన సూత్రం. పై తరగతులు సరిహద్దు అవతల చదివిన విద్యార్థి, తల్లిదండ్రుల సొంత ఊరు నగరి అయినా, మిగిలిన 15 శాతంలోనే పోటీపడవలసి రావచ్చు. రైలులో అరగంట కలిసివస్తుందని ఇల్లు మార్చిన కుటుంబాలు ఈ నియమాన్ని ఇంటర్మీడియట్ పూర్తయిన తరువాత తెలుసుకోవడం విచారకరం. అందుచేతనే నగరి, పుత్తూరులలో ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని ప్రయాణం దూరమైనా ఇల్లు మార్చకుండా ఇంటిపెద్ద ఒక్కడే కష్టపడే పద్ధతిని ఎంచుకొంటాయి.

2020లో కరోనా వ్యాప్తి సమయంలో ఈ హద్దు మరొక విధంగా బయటపడినది. రైళ్ళు నిలిచిపోయి, రాష్ట్రాల మధ్య ప్రయాణానికి ఈ-పాసు అవసరమైనందున సరిహద్దుకు ఒకవైపు ఇల్లు, మరొకవైపు పని ఉన్నవారు నెలల తరబడి చిక్కుకొన్నారు. తిరుమలలో కూడా ఆ ఏడాది మార్చి 20 నుండి జూన్ 8 వరకు భక్తుల దర్శనాలు నిలిచిపోయి, కొండపైన అంగళ్ళపై ఆధారపడినవారికి పని లేకుండా పోయింది.

సూళ్ళూరుపేట, శ్రీసిటీ, కుప్పం

సూళ్ళూరుపేట శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రానికి (షార్) నివాస పట్టణం. పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు తప్ప కేంద్రానికి వేరే మార్గం లేనందున ఉద్యోగుల కాలనీలు ఇక్కడ పెరిగినాయి. చెన్నై సబర్బన్ రైళ్ళు కొన్ని ఇక్కడి వరకు వస్తాయి. 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక నగరం తడ, సత్యవేడు పరిసరాలలో ఉన్నది. చెన్నైకి సుమారు 55 కి.మీ. దూరం. ఇక్కడ ప్రయాణం తలక్రిందులైంది. చెన్నై వైపు నుండి ఆంధ్రప్రదేశ్‌కు ఉద్యోగానికి వచ్చేవారు అధికం. పరిశ్రమలు తమ బస్సులు తాము నడుపుకొంటాయి గనుక కార్మికులు టైంటేబుల్‌కు బదులు సంస్థ బస్సు ఏ ఊరి మీదుగా పోతుందో చూసి ఇల్లు తీసుకొంటారు.

చిత్తూరు జిల్లా పడమటి కొసన ఉన్న కుప్పం నుండి బెంగళూరుకు రైలులో సుమారు 100 కి.మీ. బంగారుపేట దాటగానే ఈ రైళ్ళలో కోలారు బంగారు గనుల ప్రాంతపు ప్రయాణికులు చేరతారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత అక్కడి తెలుగు, తమిళ కుటుంబాలకు బెంగళూరు రైలే జీవనాధారమైంది. నివాస పట్టణాలను జనం ఎప్పుడూ ఎంచుకొనే వస్తారని చెప్పలేము. ఉన్న ఊరిలో పని పోయినందున ఆ ఊరే నివాస పట్టణంగా మిగిలిన సందర్భం ఇది.

ఇల్లు చూచుకొనేటప్పుడు

తిరుపతి శివారులలో ఇల్లు తీసుకొనేవారు ప్రయాణంతో పాటు నీటిని తప్పక విచారిస్తారు. నగరానికి కల్యాణి జలాశయం నుండి, తెలుగు గంగ ద్వారా కండలేరు నుండి నీరు అందుతుంది. పంచాయతీల పరిధిలోని కొత్త లేఅవుట్లు పెక్కు బోరుబావులపై ఆధారపడినాయి. నవంబరులో నీరు నిండుగా కనిపించిన ఇంటికి మే నెలలో ట్యాంకరు రావచ్చు. దీనికి ఎదురుగా వరద సమస్య కూడా ఉన్నది. 2021 నవంబరు వర్షాలకు నగరంలోని పల్లపు కాలనీలు నీట మునిగినాయి. స్వర్ణముఖి నది పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించినారు. రైలు మార్గం కింది అండర్‌బ్రిడ్జిలలో నీరు నిలిస్తే నగరంలో ఒక పక్క నుండి మరొక పక్కకు పోవడమే కష్టం. వేసవిలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి చూసిన తరువాతనే స్థలం కొనాలని ఇక్కడి పెద్దలు చెప్పడంలో అనుభవం ఉన్నది.

ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్ళలో భార్య ప్రయాణం గురించి ఆలోచన చివరకు వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి అశ్విని ఆసుపత్రిలో డ్యూటీ దిగిన నర్సుకు తిరుపతి బస్ స్టేషను వరకు బస్సు ఉంటుంది. అక్కడినుండి శివారు కాలనీకి షేర్ ఆటో ఉంటుందా అన్నదే ప్రశ్న. నగరంలో రెండు గదుల ఇంటికి ఇచ్చే అద్దెతో శివారులో నాలుగు గదుల ఇల్లు దొరికినా, ఈ చివరి మూడు కిలోమీటర్ల కోసం పలు కుటుంబాలు నగరంలోని ఇరుకు ఇంటిలోనే ఉండిపోతున్నాయి.

దేవస్థానం క్వార్టర్లలో ఉన్నవారు ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు ఖాళీ చేయాలి. అప్పటివరకు అలిపిరికి దగ్గరగా ఉన్న కుటుంబం ఆ తరువాత చంద్రగిరికో పుత్తూరుకో మారడం తరచుగా జరుగుతుంది. కొడుకుకో కోడలికో కొండమీద ఉద్యోగం వచ్చిన ఇళ్ళలో మాత్రం, తండ్రి ఖాళీ చేసిన క్వార్టరుకు నాలుగు వీథుల అవతల మళ్ళీ అద్దె ఇల్లు వెదకుతారు.